నీళ్ళు ఒకటే, ఆఫీసులు అయిదు

బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు పల్లెల్లో తాగునీళ్ళంటే చాలావరకు బోరు నీళ్ళే. ఏడాది పొడుగునా పారే ఏరు ఈ సీమలో లేదు. చెరువులు ఎండేకొద్దీ బోర్లు లోతుకు పోయాయి. ఆ లోతు నీళ్ళతోపాటు ఫ్లోరైడు పైకి వచ్చింది. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనిచోట 1.5 మిల్లీగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణం. కాచినా అది పోదు. ఏళ్ళ తరబడి అవే తాగితే పిల్లల పళ్ళు మచ్చలు పడతాయి, పెద్దల కీళ్ళు బిగుసుకుపోతాయి.

ప్రభుత్వం ఏమీ చేయలేదని మనం అనడం లేదు. పల్లెల్లో నీళ్ళు శుద్ధిచేసే కేంద్రాలు పెట్టింది. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ ఇంటింటికీ కొళాయి ఇస్తామంది. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఇక్కడి చెరువులు నింపుతున్నారు.

అయితే ఒక్కో పని ఒక్కో చేతిలో ఉంది. ఊరికి నీళ్ళిచ్చేది పంచాయతీ. కరెంటు బెస్కాంది. పెద్ద పనులు గ్రామీణ తాగునీటి శాఖవి. చెరువు నింపేది చిన్న నీటిపారుదల శాఖ. పిల్లల పళ్ళు చూడాల్సింది ఆరోగ్య శాఖ. నీటి పరీక్ష ఫలితం ఒక ఆఫీసులో, జబ్బుపడినవారి లెక్క మరో ఆఫీసులో ఉండిపోతే, ఏ ఊరికి ముందుగా మంచినీళ్ళు అందాలో ఎవరికి తెలుస్తుంది? ఎవరి పని వారు చేశామనే అంటారు. బిందె మాత్రం ఖాళీ.

పూర్వం చెరువు తూము తీసి పొలాలకు నీళ్ళు పంచేందుకు నీరుగంటి ఉండేవాడు. నీళ్ళు రాకపోతే ఎవరిని అడగాలో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు తెలియనిది అదే.

కర్ణాటక చట్టం ప్రకారం ఆరు నెలలకొకసారైనా గ్రామసభ జరగాలి. ఆ సభకు ఈ శాఖలన్నీ రావాలని అడుగుదాం. పరీక్ష ఫలితం పంచాయతీ గోడ మీద రాయమందాం. ఫిర్యాదు ఇచ్చిన తేదీ, బాగుచేసిన తేదీ ఒకే పుస్తకంలో ఉండాలి. దానికి జవాబు చెప్పే అధికారి ఒక్కరు ఉండాలి.

యువజనులారా, ఇక్కడ మీ పని ఒకటుంది. మన ఇంట్లో మాట తెలుగు, ఆఫీసులో కాగితం కన్నడం. అర్జీ రాయలేని అవ్వల తరఫున, బడిలో కన్నడం నేర్చిన మీరు రాయండి. సంఘంలోని వారికే కాదు, ఊరందరికీ రాయండి.

డబ్బా నీళ్ళు కొనుక్కోగలవారు శాఖలు కలిసేదాకా ఆగగలరు. కూలివారి బిడ్డలు ఆగలేరు. వారికి ఇప్పుడే పళ్ళు వస్తున్నాయి.