మన ఊరి బిడ్డే గాని "నాన్ లోకల్" అట!



అహోబిలములో కాపురమున్న వారికి పై ఊరివారు కొత్త కాదు. ఉత్సవ దినములలో తమిళనాడు నుండి కూడ యాత్రికులు వస్తారు. ఎవరు మనవారో, ఎవరు బయటివారో చూచిన వెంటనే తెలిసిపోతుంది. అయితే కాలేజీ సీట్ల దగ్గర ఆ లెక్క వేరుగా ఉంటుంది. ఈ కొండ క్రిందనే పుట్టిన మన సంఘపు బిడ్డ ఒకతె కొన్నేళ్ళ క్రితము ఇంజనీరింగ్ కౌన్సెలింగుకు వెళ్ళి ఏడ్చుకుంటూ తిరిగి వచ్చినది. "నువ్వు నాన్ లోకల్" అన్నారట.

ఆ బిడ్డ ఏడవ తరగతి వరకు ఇక్కడనే చదివినది. వరుసగా రెండేండ్లు శనగ పంట పోయినందున తండ్రి బేల్దారి పనికి బెంగుళూరు వెళ్ళినాడు. తల్లిని, పిల్లలను వెంట తీసుకొని పోయినాడు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు అక్కడ జరిగినవి. తరువాత వారు తిరిగి వచ్చి బిడ్డను ఆళ్ళగడ్డలో ఇంటర్మీడియట్‌లో చేర్చినారు. మంచి ర్యాంకు వచ్చినది. రేషన్ కార్డు ఇక్కడిదే, ఓటు ఇక్కడిదే, ఇల్లు ఇక్కడిదే. మరి నాన్ లోకల్ ఎట్లయినది?

ఈ నిబంధన ఎందుకు పుట్టినదో మొదట తెలిసికొందము. 1969లో తెలంగాణలోను, 1972లో ఆంధ్రలోను ఉద్యోగములు, చదువుల విషయమై గొప్ప ఆందోళనలు జరిగినవి. 1973లో ఆరు సూత్రముల ఒప్పందము కుదిరినది. దాని ఫలితముగా రాజ్యాంగములో 371-డి అధికరణము చేరినది. 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినది. దాని ప్రకారము రాష్ట్రమును ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వెంకటేశ్వర అను మూడు విశ్వవిద్యాలయ ప్రాంతములుగా విభజించినారు. పూర్వపు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతము. 2022లో మన అహోబిలం నంద్యాల జిల్లాలోనికి వెళ్ళినను మన ప్రాంతము మారలేదు.

ప్రతి ప్రాంతములో నూటికి 85 సీట్లు అక్కడి స్థానికులకు. మిగిలిన 15 సీట్లకు స్థానికులు కూడ పోటీపడవచ్చును. వర్షము లేని ఈ సీమ బిడ్డలు, పెద్ద పట్టణములలో చదివినవారితో పోటీపడలేక వెనుకబడిపోకుండ ఇది ఒక కంచె వంటిది. మనకు మేలు చేసిన కంచెయే.

అయితే స్థానికుడు అంటే ఎవరు? పుట్టినవాడు కాదు, పొలమున్నవాడు కాదు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు విద్యా సంవత్సరములు వరుసగా ఆ ప్రాంతములో చదివినవాడు. ఇంటర్ అర్హతగా ఉన్న చదువులకైతే తొమ్మిది, పది, ఇంటర్ రెండేండ్లు. అట్లు కుదరని యెడల, ఆరవ తరగతి నుండి ఇంటర్ వరకు ఏడేండ్లూ రాష్ట్రములోనే చదివి ఉండవలెను. ఆ ఏడేండ్లలో ఎక్కువ కాలము ఏ ప్రాంతములో చదివితే అక్కడి స్థానికుడవుతాడు. కనుక పది వరకు ఆళ్ళగడ్డలో చదివి ఇంటర్‌కు విజయవాడ వెళ్ళిన పిల్లవాడు మన స్థానికుడే. తొమ్మిది నుండి ఇంటర్ వరకు విజయవాడలోనే చదివితే ఆంధ్ర ప్రాంతమువాడు. ఎనిమిది నుండి పది వరకు బెంగుళూరులో చదివిన మన బిడ్డ రెండు లెక్కలలోను తప్పిపోయినది.

తాసీల్దారు ఇచ్చే నివాస పత్రము చాలునని మనలో అనేకులు అనుకుంటారు. ఆ నాలుగేండ్లలో ఏ బడిలోను చదవని కాలమునకే నివాసమును లెక్కిస్తారు. వేరే చోట బడిలో చదివిన యేండ్లను ఆ పత్రము మార్చలేదు.

ఒక సాయంత్రము ఆ బిడ్డ తల్లి మా ఇంటికి వచ్చినది. "అయ్యగారూ, మన సంఘము బడి ఉంది గదా. ఎనిమిది నుండి పది వరకు మా పాప ఇక్కడనే చదివినట్టు ఒక్క కాగితము రాసియ్యండి. మీ సంతకముంటే ఎవరు అడుగుతారు?" అన్నది. మేము చాలసేపు మాట్లాడలేకపోతిమి. ఆ కుటుంబపు కష్టము మాకు తెలుసు. రాసియ్యడానికి ఐదు నిమిషములు చాలు. "అమ్మా, ఆ సీటు మన ప్రాంతములోనే ఏ గుడిసెలోనో చదువుకొన్న ఇంకొక బిడ్డది. ఆ బిడ్డ దగ్గర నుండి తీసి మీకియ్యడానికి మాకు అధికారము లేదు" అని చెప్పినాము. ఆమె లేచి వెళ్ళిపోయినది. రెండు నెలలు ఆరాధనకు రాలేదు.

అపొస్తలుడైన పౌలును కొరడాలతో కొట్టబోయినప్పుడు ఆయన తాను రోమా పౌరుడనని చెప్పుకొన్నాడు. హక్కును అడుగుట విశ్వాసికి సిగ్గు కాదు. అయితే ఆయన తనకున్న హక్కునే చెప్పుకొన్నాడు, లేని హక్కును చెప్పుకొనలేదు. మేము కూడ ఆ బిడ్డకున్న హక్కును వెదకినాము. రాష్ట్రములో మొత్తము పదేండ్లు నివసించినవారు, లేదా తల్లి గాని తండ్రి గాని అట్లు నివసించినవారు ఆ 15 సీట్లకు అర్హులే. ఆ రుజువులు కూర్చి పంపినాము. కాని అక్కడ పోటీ ఎక్కువ, ర్యాంకు అందలేదు. స్థానికురాలైతే వచ్చేది. ఆ బిడ్డ డిగ్రీలో చేరినది.

ఈ విషయములో మా తప్పు కూడ ఉన్నది. ఆ కుటుంబము బెంగుళూరు బస్సు ఎక్కిన రోజు మేము ప్రార్థన చేసి పంపినాము. పాప చదువు సంగతి ఏమని ఒక్క మాట అడుగలేదు. వలసపోయే కూలివాడు ఊరిని విడువలేదు, కరువు విడిపించినది. పిల్లలను వెంట ఉంచుకొనుటయా, సీటు కాపాడుకొనుటయా అని చట్టము అతనినే అడుగుచున్నది. ఇది కఠినమైన ప్రశ్న. పాలకులు దీనిని ఆలోచించవలెను. అంతవరకు సంఘములు ఊరకుండరాదు.

వలసకు బయలుదేరే తలిదండ్రులారా, బిడ్డ ఎనిమిది పూర్తి చేయకముందే ఆలోచించండి. ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు ఉన్నవి, గురుకులములు ఉన్నవి, అవ్వ ఇల్లు ఉన్నది. ఆరవ తరగతి నుండి ప్రతి బడి దగ్గర స్టడీ సర్టిఫికెట్ తీసికొని పెట్టెలో భద్రపరచండి. ఉమ్మడి ప్రవేశముల పదేండ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసినది. కనుక హైదరాబాదులో చదివించేవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. ప్రతి యేడు వచ్చే నోటిఫికేషన్‌ను చదువుకొన్నవారిచేత చదివించుకొనండి.

ఇంకొక మాట. మన కాలేజీలో నాన్ లోకల్‌గా చేరిన పిల్లవానిని పరాయివానిగా చూడవద్దు. విశాఖపట్టణములో మన బిడ్డ కూడ అట్టివాడే.

ఆ తల్లి తిరిగి ఆరాధనకు వచ్చినది. భార్యాభర్తలు మరల బెంగుళూరు వెళ్ళినారు గాని, చిన్నవాడు ఈసారి అవ్వ దగ్గరనే ఉండి తొమ్మిది చదువుచున్నాడు. మొన్న పరీక్షలు కాగానే ఆమె ఫోను చేసి, "అయ్యగారూ, వాని సర్టిఫికెట్ తీసి మీ దగ్గర పెట్టండి" అన్నది. అది మా బైబిలు ప్రక్కన ఉన్నది.

ప్రభువు మీ బిడ్డలకు తోడైయుండును గాక.