వెడల్పు టైరు వేగాన్ని పెంచుతుందా?

వేగం పట్ల మోజు యౌవనానికి సహజం. దానిని నిందించడం మా ఉద్దేశం కాదు. అయితే ఆ మోజు ఏ నమ్మకాన్ని ఆసరా చేసుకొని రోడ్డెక్కుతున్నదో పరిశీలించడం అవసరమని మాకు తోస్తున్నది. మన ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషను ముందు నిలిపిన మోటారు సైకిళ్లను గమనించండి. కంపెనీ ఇచ్చిన వెనుక టైరును తీసివేసి, అంతకంటె బాగా వెడల్పైన దానిని బిగించుకొన్న బండ్లు కొన్నైనా కనబడతాయి. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "రేసు కార్లకు ఉంటాయి కదండీ! రోడ్డు మీద పట్టు ఉంటుంది, స్పీడు వస్తుంది."

పట్టునూ వేగాన్నీ ఇలా ఒకే గాట కట్టడంలోనే చిక్కంతా ఉన్నది.

ఇక మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర పుస్తకాన్ని తెరిస్తే అది మరొక మాట చెబుతుంది. ఘర్షణ బలం రెండు తలాల మధ్య గల ఒత్తిడి బలాన్ని బట్టి ఉంటుందే గాని, అవి తాకే వైశాల్యాన్ని బట్టి ఉండదు. 1699లో ఫ్రాన్సు దేశీయుడైన అమాంటన్స్ ప్రకటించిన సూత్రమిది. దీని ప్రకారం వెడల్పు టైరు శుద్ధ దండగ. మన విద్యార్థులు ఈ సూత్రాన్ని వల్లించి మార్కులు తెచ్చుకొంటారు. సాయంత్రం టైర్ల షాపుకు వెళ్లి దానికి విరుద్ధమైన నమ్మకంతో డబ్బు చెల్లిస్తారు. రెండింటికీ పొత్తు కుదరలేదేమని అడిగేవారు అరుదు!

నిజానికి పుస్తకమూ పూర్తిగా ఒప్పు కాదు, షాపువాడూ పూర్తిగా తప్పు కాదు. కొయ్యకూ ఇనుముకూ చెల్లిన సూత్రం రబ్బరుకు అంత చక్కగా చెల్లదు. రబ్బరు మెత్తనిది. రోడ్డు మీది కంకర గరుకులలోకి ఒదిగి, వాటిని పట్టుకొంటుంది. ఒక చదరపు సెంటీమీటరు రబ్బరు మీద మోపిన బరువు పెరిగేకొద్దీ దాని ఘర్షణ గుణకం కొంత తగ్గుతూ వస్తుంది. కనుక బరువును ఎక్కువ రబ్బరు మీదికి పంచగలిగితే పట్టు పెరగడం వాస్తవమే.

మరి వెడల్పు టైరు బరువును అలా పంచుతుందా? ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. వెయ్యి కిలోల కారు. ఒక్కొక్క చక్రం మీద 250 కిలోలు. టైరులో 28 పౌన్ల గాలి, అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలు. ఆ బరువును మోయడానికి నేలను తాకవలసిన వైశాల్యం 125 చదరపు సెంటీమీటర్లు. ఇంచుమించు మన అరచేయి! టైరు పన్నెండున్నర సెంటీమీటర్ల మేర అడ్డంగా ఆనితే ఆ ముద్ర పొడవు 10 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల మేర ఆనితే పొడవు ఆరుంబావుకు తగ్గుతుంది. గాలి మారనంతవరకు వైశాల్యం దాదాపు అంతే, మారేది ఆకారం మాత్రమే. చెరకు మోసిన నాటుబండి ఇనుప పట్టా చక్రం మడిలో దిగబడితే, అదే బరువుతో టైరు బండి తేలికగా సాగిపోవడం మన రైతులు ఎరుగుదురు. ఆ తేడాకు మూలం కూడా చదరపు సెంటీమీటరుకు ఎంత బరువన్నదే.

రేసు కార్లకు అంత వెడల్పెందుకన్న ప్రశ్న మిగిలే ఉన్నది. అడ్డంగా పరచుకొన్న పొట్టి ముద్ర మలుపులో తక్కువ మెలి తిరుగుతుంది, స్టీరింగు మాటను వెంటనే వింటుంది. అంతకంటె ముఖ్యమైనది వేడి. మలుపులో పుట్టే వేడిని ఎక్కువ రబ్బరు పంచుకొంటుంది గనుక మరింత మెత్తని రబ్బరు వాడుకోవచ్చు. అసలు పట్టు ఆ మెత్తదనం ఇచ్చేది. వెడల్పు దానికి అవకాశం కల్పిస్తుంది, అంతే. గట్టి రబ్బరుతో చేసిన చవక టైరు ఎంత వెడల్పుంటే మాత్రం ఏమి లాభం?

ఇంతవరకు పట్టు సంగతి. వేగానిది వేరే లెక్క. వెడల్పు టైరు గాలికి ఎక్కువగా అడ్డుపడుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు, దానిని జయించడానికి కావలసిన ఇంజను శక్తి ఎనిమిదింతలు. 2017లో ఫార్ములా వన్ కార్ల ముందు టైర్లను 245 నుండి 305 మిల్లీమీటర్లకు, వెనుక టైర్లను 325 నుండి 405 మిల్లీమీటర్లకు పెంచారు. మలుపులలో వేగం పెరిగి, ఒక చుట్టుకు పట్టే కాలం తగ్గింది. తిన్నని దారిలో మాత్రం గరిష్ఠ వేగం పెరగకపోగా కాస్త తగ్గింది. (కారు వెడల్పూ రెక్కలూ కూడా ఆ ఏడాదే పెరిగాయి కనుక ఆ ఘనతంతా టైర్లకే కట్టబెట్టరాదు.) ఇక నేల మీద మానవుడు సాధించిన అత్యధిక వేగం మాటకు వస్తే, 1997 అక్టోబరు 15న అమెరికాలోని నెవాడా ఎడారిలో థ్రస్ట్ ఎస్.ఎస్.సి. అనే వాహనం గంటకు 1,228 కిలోమీటర్ల వేగంతో, ధ్వనిని మించి పరుగెత్తింది. దాని చక్రాలకు రబ్బరు టైర్లే లేవు! అవి గట్టి అల్యూమినియం చక్రాలు. జెట్ ఇంజన్లు ముందుకు నెడుతుంటే చక్రానికి రోడ్డు పట్టుతో అంతగా పని లేదు.

రేసు కారు ఏనాడూ చూడని ఊరికి ఈ చర్చ ఎందుకని కొందరు నవ్వవచ్చు. తెలుగు నేల మీద అంతర్జాతీయ స్థాయి పోటీ ఒకటి జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, 18 మలుపులున్న 2.83 కిలోమీటర్ల బాటలో ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తాయి. ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ విజేత. 2024లో జరగవలసిన పోటీ రద్దయింది. మన కుర్రవాళ్లు ఆ కార్ల టైర్లను శ్రద్ధగా చూసివుంటే ఒక విశేషం గ్రహించేవారు. అవి నున్నని టైర్లు కావు. మన బండి టైర్లవలె గాళ్లున్నవి. ఎండకూ వానకూ ఒకటే టైరు వాడాలన్నది ఆ పోటీ నిబంధన.

ఆ గాళ్ల అవసరం మనకు ఇంకా ఎక్కువ. తుపానులకు నిలయమైన జిల్లా మనది. 2014లో హుద్‌హుద్‌నూ 2018లో తిత్లీనీ చూసినవాళ్లం. నీరు నిలిచిన రోడ్డు మీద టైరు తన ముందున్న నీటిని పక్కలకు నెట్టాలి. నెట్టలేనినాడు నీటి మీద తేలిపోతుంది. అప్పుడు బ్రేకూ పనిచేయదు, హ్యాండిలూ వినదు. వెడల్పు టైరు నెట్టవలసిన నీరు ఎక్కువ, పొట్టి ముద్రకు దొరికే వ్యవధి తక్కువ. అందువల్ల అది సన్నని టైరుకంటె తక్కువ వేగంలోనే తేలుతుంది. విమానాల టైర్లపై నాసా శాస్త్రజ్ఞులు 1960ల నాడు కట్టిన సూత్రం ప్రకారం, 28 పౌన్ల గాలి గల నున్నని టైరు లోతు నీటిలో గంటకు సుమారు 88 కిలోమీటర్ల వద్ద తేలుతుంది. జాతీయ రహదారి మీద మన యువకులకు అదేమంత వేగమని? గాలి తగ్గితే ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

మోటారు సైకిలుకు మరొక ఇబ్బంది ఉన్నది. సన్నని రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కించితే అంచులు లోపలికి నొక్కుకొని, నడుమ భాగం ఉబ్బి నిలుస్తుంది. తిన్నగా పోయేటప్పుడు నేలను తాకే రబ్బరు పెరగడానికి బదులు తగ్గవచ్చు. అదే మలుపును అదే వేగంతో తిరగడానికి బండిని మునుపటికంటె ఎక్కువగా వంచవలసి వస్తుంది. పెట్రోలు ఖర్చు సంగతి సరేసరి. కూలి చేసి బండి కొనిచ్చిన తండ్రికి ఆ లెక్క మనకంటె బాగా తెలుసు.

షాపువాడిని మేము తప్పుపట్టము. అడిగినది అమ్మడం అతని వృత్తి. మా ఫిర్యాదు మన తరగతి గదుల మీదనే. ఘర్షణ పాఠం చెప్పిననాడే ఒక బండిని కళాశాల ఆవరణలో నిలిపి, టైరుకు సున్నం పూసి, నల్ల అట్ట మీద ముద్ర తీయించవచ్చు. గళ్ల కాగితంతో ఆ ముద్ర వైశాల్యం కట్టి, దానిని గాలి ఒత్తిడితో హెచ్చవేసి, చక్రం మీది బరువుతో సరిచూడమనవచ్చు. వెడల్పు టైరుతోనూ సన్నని టైరుతోనూ విడివిడిగా చేయించాలి. జవాబు కాటా మీది బరువుకు సరిగ్గా సరిపోదు. గాలితోపాటు టైరు పక్క గోడలు కూడా కొంత బరువు మోస్తాయి, గాళ్ల చోట రబ్బరు నేలను ఆనదు. ఆ తేడా ఎంత, ఏ టైరుకు ఎక్కువ అన్నది విద్యార్థులే కొలిచి చెప్పాలి.