నేరేడు పండుకు మెస్‌లో చోటివ్వాలి

చదువు గురించి, ఉద్యోగాల గురించి ఈ సంచికలో చాలామంది రాస్తారు. నేను కడుపు గురించి రాస్తున్నాను.

హాస్టల్లో ఉన్నవాడికి ఈ బాధ తెలుసు. పొద్దున్నే దొడ్ల దగ్గర క్యూ, నీళ్ళు చాలవు, బడికి టైమైపోతుంది, ఆపుకుని పరుగెడతాం. తినేది బాగా పాలిష్ పట్టిన తెల్లన్నం. పీచుండే తవుడేమో మండపేట మిల్లుల్లోంచి కోళ్ళకీ పశువులకీ పోతుంది! ఇక మలబద్ధకం రాక ఏమవుతుంది?

ఇప్పుడు పేగుల ఆరోగ్యానికంటూ బెర్రీ పండ్ల సారాన్ని క్యాప్సూల్స్‌గా అమ్ముతున్నారు. వాటి గొప్పంతా ఊదా రంగులో ఉంది. ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు మన నేరేడులోనూ పుష్కలం. ఇవి చాలావరకు రక్తంలోకి పోకుండా పెద్దపేగుకు చేరతాయి. అక్కడుండే లక్షల కోట్ల బ్యాక్టీరియా వాటిని చిన్న చిన్న పదార్థాలుగా విడగొడుతుంది. ఆహారంలోని పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేసేదీ ఆ బ్యాక్టీరియానే. పెద్దపేగు లోపలి పొర కణాలకు ముఖ్యమైన తిండి అదే.

2001లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వారు నల్ల రాస్ప్‌బెర్రీ పొడి తిన్న ఎలుకల్లో పెద్దపేగు కణుతులు తగ్గాయని చూపారు. 2016లో పెన్ స్టేట్‌లోని జైరాం వనమాల బృందం, మన కడప యోగి వేమన విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తతో కలిసి, నేరేడు పండు సారం పెద్దపేగు క్యాన్సర్ కణాల పెరుగుదలను అణచిందని ప్రచురించింది. అయితే అది గాజు పాత్రలో జరిగింది, మనిషి కడుపులో కాదు. నేరేడు తింటే క్యాన్సర్ రాదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. (మింగిన వెంట్రుకను నేరేడు కరిగిస్తుందని మన అమ్మమ్మలు చెప్పేదానికీ రుజువు లేదు లెండి.)

నా మాట ఏమిటంటే, క్యాప్సూల్ మనకొద్దు. సారం తీసేటప్పుడు పీచు చాలావరకు పోతుంది, ధర మాత్రం పెరుగుతుంది. పండే తిందాం. బడి తెరిచేది జూన్‌లో, నేరేడు దొరికేది జూన్, జూలైల్లో. ఆ రెండు నెలలూ వారానికోసారి అరటిపండు బదులు గుప్పెడు నేరేడు పళ్ళు పెడితే ఏం పోయింది? త్వరగా పాడైపోతాయంటారు, నిజమే. తెచ్చిన రోజే ఉప్పు నీళ్ళలో కడిగి పంచేయాలి. చొక్కాకు మరకలంటారా, ఆదివారం పెట్టండి!

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ప్రతి ఏడూ గోడ గడియారాలే ఇస్తున్నారు. ఈసారి రెండు నేరేడు అంటు మొక్కలు తెచ్చి నాటించండి. విత్తనం మొక్కైతే కాపుకు ఎనిమిది, పదేళ్ళు పడుతుంది, అంటు మొక్క అంతకంటే ముందే కాస్తుంది. వార్డెన్ గారినీ మెస్ కమిటీ తమ్ముళ్ళనీ కోరేది ఒక్కటే. జూన్ మెనూ రాసేముందు ఈ సంగతి చర్చకు పెట్టండి, దొడ్లకు నీళ్ళ సంగతితో కలిపి.