టికెట్ వాడికి, తప్పు నాది

మొన్న చలికాలంలో ఒక లాంగ్ వీకెండ్‌కి నలుగురం కలిసి డెత్ వ్యాలీ వెళ్ళాం. పేరు చూసి భయపడకండి, ఆ రోజుల్లో అక్కడ వాతావరణం మహా బావుంటుంది. అద్దెకి తీసుకున్న ఎస్‌యూవీ. స్టీరింగ్ దగ్గర మా కాలేజీ జూనియర్. ఇరవై నాలుగేళ్ళు, ఎమ్మెస్ అయ్యి ఏడాది కూడా కాలేదు. పక్క సీట్లో నేను.

రోడ్డు పక్కన ఎండిపోయిన చెరువులాంటి నేల, కనుచూపు మేర బల్లపరుపుగా ఉంది. అంచున "వాహనాలు దిగరాదు" అని చిన్న బోర్డు. మావాడు స్లో చేసి నావైపు చూశాడు. "ఎవడు చూస్తాడ్రా, దింపు" అన్నాన్నేను.

దింపాడు. రెండు చక్కర్లు కొట్టాం. వెనక సీటువాళ్ళు వీడియో తీశారు. తిరిగి రోడ్డెక్కేసరికి పార్కు రేంజర్ బండి ఆగి ఉంది.

"ఎవరు నడిపారు? బోర్డు చూశారా?" ఆయన అడిగినవి ఈ రెండే ప్రశ్నలు. నా బుర్రలో అప్పటికే కథ రెడీ. జీపీఎస్ ఇటు చూపించింది, యూ టర్న్ కోసం దిగాం, బోర్డు కనపళ్ళేదు. ఆఫీసులో బగ్ బయటపడితే "నా మెషీన్‌లో బానే పనిచేసిందే" అంటాం చూడండి, అంత అలవాటుగా వచ్చేసింది. నేను నోరు తెరిచేలోపే మావాడు, "నేనే నడిపాను. బోర్డు చూశాను. అయినా దిగాను. సారీ" అన్నాడు.

ఆయన క్లాసు పీకలేదు. టికెట్ రాసిచ్చి, మమ్మల్ని దిగమని, ఆ నేల అంచుదాకా నడిపించి మా టైర్ల జాడలు చూపించాడు. పైన పెచ్చు పగిలి, లోపలి మట్టి లేచిపోయి, రెండు చారలు. పక్కనే ఇంకెవరివో పాతవి.

"మట్టి మీద గీతలేగా, వానొస్తే పోతాయి" అనుకుంటాం. మన ఊళ్ళో అయితే పోతాయి కూడా. ఎడారి లెక్క వేరు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు 1942 నుంచి 1944 దాకా ఇదే కాలిఫోర్నియా ఎడారిలో జనరల్ ప్యాటన్ మొదలెట్టిన శిక్షణ శిబిరాలు నడిచాయి. ఆనాటి ట్యాంకుల జాడలు కొన్నిచోట్ల ఇప్పటికీ కనిపిస్తాయి. యూటా వైపు ఎడారుల్లో అయితే నేల పైపొరే ప్రాణమున్నది. సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు కలిసి మట్టిని పట్టి ఉంచే పొర అది. ఒక్క టైరు తొక్కితే మళ్ళీ కట్టుకోడానికి దశాబ్దాలు పడుతుంది. డెత్ వ్యాలీలోనే, రాళ్ళు వాటంతటవే జరుగుతాయని పేరున్న రేస్‌ట్రాక్ మీద 2016లో ఎవరో బండి తిప్పి మైళ్ళ కొద్దీ చారలు మిగిల్చారు. పైగా ఒక జాడ కనపడితే వెనకొచ్చేవాడు "ఓహో, ఇటు దారుందన్నమాట" అనుకుంటాడు. మేం దిగడానికి ఆ పాత జాడలు కూడా ఒక కారణమే.

సరదా వద్దని కాదండోయ్. ఆ పార్కులో బండ్లు తిరగడానికి అనుమతి ఉన్న రోడ్లే, మట్టి రోడ్లతో కలిపి, దాదాపు వెయ్యి మైళ్ళు. ఇసుకలో దొర్లాల్సిందే అనుకుంటే పార్కుకి దక్షిణాన డ్యూమాంట్ డ్యూన్స్ అని, దానికోసమే వదిలిన చోటు ఉంది.

సరే, అసలు విషయానికొస్తా. "నోరు మూసుకుని ఉంటే పోయేదిగా, వాడెందుకు ఒప్పుకున్నాడు?" అని మీకూ అనిపించొచ్చు. నిజమే, మౌనంగా ఉండడం ఈ దేశంలో హక్కు. కానీ నేను చేయబోయింది మౌనం కాదు, అబద్ధం. పార్కులో బండి దింపడం ఎలా నేరమో, విచారించే రేంజర్‌కి తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం అలాగే ఇంకో నేరం. వాణ్ణి కాపాడుతున్నాననుకుంటూ రెండోదాంట్లోకి తోసేవాణ్ణే.

వాడికి భయం లేదనుకోకండి. మనలాంటివాళ్ళకి జరిమానా కన్నా వీసా భయం ఎక్కువ. గ్రీన్‌కార్డు ఫారంలో అరెస్టుల గురించే కాదు, పోలీసులు రాసిచ్చిన నోటీసుల గురించి కూడా అడుగుతారు. (ఆ ఫారం నింపే భాగ్యం మన బ్యాచ్‌కి ఎప్పుడొస్తుందో అది వేరే సంగతి!) వాడికవన్నీ తెలుసు. తెలిసే చెప్పాడు.

2023 డిసెంబరులో హిమాచల్‌లో ట్రాఫిక్ తప్పించుకోడానికి ఒకాయన థార్‌ని చంద్రా నదిలోకి దింపేశాడు, గుర్తుందా? వీడియో ఊరంతా తిరిగాక చలానా పడింది. దీనికి పూర్తిగా ఎదురు కథ 2024లో డెత్ వ్యాలీలో జరిగింది. బురదలో దిగబడ్డ బండిని లాక్కోడానికి ఎవరో ఒక పాత టవర్‌కి కట్టారు. అది నూరేళ్ళ పైబడిన, ఉప్పు మోసిన రోప్‌వే టవర్. కూలిపోయింది. చూసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండని పార్కువాళ్ళు అడిగారు. కొన్నాళ్ళకి చేసిన మనిషే ఫోన్ చేసి, నేనే, దిక్కుతోచక చేశాను అని ఒప్పుకున్నాడు. టవర్ ఎలాగూ కూలింది. కానీ ఒప్పుకోవడం అంటే నా లెక్కలో అది. దొరికాక డబ్బు కట్టేది ఒప్పుకోవడం కాదు, బిల్లు కట్టడం.

ఆ రాత్రి హోటల్లో "టికెట్ డబ్బులు నలుగురం పంచుకుందాం రా" అన్నాను, పెద్దరికంగా. వాడు కాసేపు ఫోను చూసుకుని, "డబ్బుల గురించి కాదన్నా. దింపమన్నది నేనే అని నువ్వొక్క మాట అనుంటే బావుండేది" అన్నాడు.

టికెట్ నడిపినవాడికే రాస్తారు, చట్టం అంతే. నేను నోరు తెరిచినా దాని మీద పేరు మారేది కాదు. మారనప్పుడు ఆ మాట అనడానికి నాకేం అడ్డొచ్చిందో ఇప్పటికీ తెలీదు. నలుగురిలో పెద్దవాణ్ణి. "ఎవడు చూస్తాడ్రా" అన్న నోటికి, చూసినవాడు ఎదురుగా నిలబడేసరికి మాట రాలేదు.

అక్కడ అనాల్సిన మాట ఇక్కడ అంటున్నా. ఆలస్యమైందని తెలుసు. దింపమన్నది నేనే.