ప్రవేశపత్రమును లెక్కతో చదువవలెను

మన పాఠశాలలో చదువు ముగించి, పిమ్మట కళాశాలలలో పట్టము పొందిన విద్యార్థు లనేకులు ప్రతి సంవత్సరము శీతకాలమున విదేశీయ విశ్వవిద్యాలయములకు, ముఖ్యముగా అమెరికా విశ్వవిద్యాలయములకు, దరఖాస్తులు పంపి, వేసవి వచ్చువఱకు ప్రత్యుత్తరములకై నిరీక్షించుచుందురు. ఇది యిపుడు ఏ కొలఁది కుటుంబములకో సంబంధించిన సంగతి కాదు. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో నుండిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందు 1,96,567 మంది పట్టానంతరవిద్య నభ్యసించువారు. వీరిలో తెలుగువారి పాలు స్వల్పము కాదు. నేఁడు మన పదవతరగతిలో కూర్చున్న బాలబాలికలు ఆఱేడేండ్లలో ఈ నిరీక్షణమునందే యుండఁగలరు. కావున ఈ విషయమును గూర్చి మా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, తోడి యుపాధ్యాయులకును విన్నవింపఁ దలఁచితిమి.

మా యభిప్రాయము ముందుగనే చెప్పెదము. విశ్వవిద్యాలయము పంపు ప్రవేశపత్రము బహుమానము కాదు. అది యొక యొడంబడికకు పిలుపు. ఆ పిలుపునకు బదులు చెప్పకముందే దానిని లెక్కతో చదువవలెను. పేరునుబట్టి మొదట నొప్పుకొని, ధనముమాట తరువాత చూచుకొంద మనుట మన కుటుంబములలో పలుచోట్ల జరుగుచున్నది. ఇది తాఱుమాఱైన పద్ధతి.

మొదట నిరీక్షణమును గూర్చి రెండు మాటలు. దరఖాస్తులకు గడువు సాధారణముగా డిసెంబరులోనో జనవరిలోనో ముగియును. ప్రత్యుత్తరములు జనవరి చివరనుండి ఏప్రిల్ వఱకు ఒక్కొక్కటిగా వచ్చును. డాక్టరేటు చదువునకు విద్యార్థుల నెన్నుకొనువారు ఆయా శాఖల ఆచార్యులు. ఆ సంవత్సరము పరిశోధననిధులు ఎంతమందిని పోషింపఁగలవో చూచి వారు కొందఱిని ముందు పిలుతురు. పిలువఁబడినవారిలో కొందఱు రామని చెప్పినపుడు, వేచియున్నవారి పట్టికనుండి మఱికొందఱిని పిలుతురు. కావున ఉత్తరము రాకుండుట తిరస్కారము కాదు. ముందు వచ్చుట ప్రతిభకు కొలమానమును కాదు. తోడివిద్యార్థికి వచ్చినది, నాకేల రాలేదని రాత్రింబవళ్లు ఫోను చూచుకొని కుములువారికి ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. ప్రవేశము పట్టపరీక్షలో ఉత్తీర్ణులగుటపై నాధారపడియుండును. ఆ పరీక్షలు ఈ నిరీక్షణపు నెలలకు దాపుననే వచ్చును. ఉత్తరమునకై చూచుచు పరీక్ష చెడఁగొట్టుకొన్నవానికి, వచ్చిన ఉత్తరమును నిలువదు.

ఇఁక వచ్చిన పత్రముల సంగతి. ఇవి రెండు తెఱఁగులు. ఒకటి పోషణధనముతో కూడినది: ఫీజు మాఫీ చేసి, ఫెలోషిప్ రూపముననో, తరగతులలో బోధనకు తోడ్పడినందులకో, ప్రయోగశాలలో పనిచేసినందులకో నెలభృతి నిచ్చునది. డాక్టరేటు ప్రవేశములలో ఇది తఱచు. రెండవది, చేర్చుకొందుము గాని వ్యయము మీరే భరింపవలె ననునది. ఎం.ఎస్. ప్రవేశములలో అధికభాగ మిట్టివే. రెండు పత్రములును చూపునకు ఒకే తీరున నుండును. రెంటియందును అభినందనములు మొదటి పంక్తిలోనే యుండును. కాని మొదటిదానియందు విశ్వవిద్యాలయము విద్యార్థిపై ధనము వ్యయించుచున్నది; రెండవదానియందు విద్యార్థి తండ్రి విశ్వవిద్యాలయమునకు ధన మిచ్చుచున్నాఁడు. ఈ భేదమును గుర్తింపక రెంటిని ఒకే గౌరవముగా నెంచుట వలననే పెక్కు చిక్కులు కలుగుచున్నవి.

ఒక లెక్క వేసి చూతము. రెండేండ్ల చదువునకు 40 లక్షల రూపాయలు నూటికి 11 వడ్డీకి అప్పు తీసికొన్నా రనుకొందము. మొదటి యేఁట 20 లక్షలు, రెండవ యేఁట 20 లక్షలు. చదువుకాలమునను, తరువాతి ఆఱు నెలలును వాయిదాలు లేవు గాని వడ్డీ పెరుఁగుచునే యుండును. బారువడ్డీ చొప్పుననే చూచినను, మొదటి 20 లక్షలకు రెండున్నర యేండ్లకు 5 లక్షల 50 వేలు, రెండవ 20 లక్షలకు ఒకటిన్నర యేఁటికి 3 లక్షల 30 వేలు. మొత్తము 8 లక్షల 80 వేలు. అప్పు 48 లక్షల 80 వేలయ్యెను. దీనిని పదేండ్లలో తీర్పవలెనన్న నెలకు సుమారు 67,000 రూపాయల చొప్పున 120 నెలలు కట్టవలెను. అనఁగా 40 లక్షల చదువునకు 80 లక్షలకు పైఁబడి చెల్లింపవలసి వచ్చును. ఉద్యోగము దొరకి జీతము డాలర్లలో వచ్చిన యెడల ఇది మోయరాని భారము కాకపోవచ్చును. దొరకనియెడల, మన యూళ్లలో నెలకు 67,000 మిగుల్పఁగల యిండ్లెన్నియో తలిదండ్రులే యోచింపవలెను. పైగా, ఏడున్నర లక్షలకు మించిన విద్యాఋణములకు బ్యాంకులు సాధారణముగా ఇల్లో పొలమో హామీగా నడుగును. చదువుకొనువాఁ డొకఁడు, తాకట్టుపడునది యింటివారందఱి నీడ.

ఇంకను కొన్ని సంగతులు లెక్కలోనికి రావలెను. వీసా కొఱకు విద్యార్థి ముఖ్యముగా మొదటి సంవత్సరపు వ్యయమునకు తగిన ధనము కలదని చూపవలెను. దానిచేత మొదటి యేఁడు గడచిన చాలునను భ్రమ కలుగును. చదువు మాత్రము రెండేండ్లు. డాలరు వెల నిలుకడగా నుండదు. 2014లో సుమారు 60 రూపాయ లుండినది 2024 చివరకు 85 రూపాయలకు చేరెను. అక్కడ పనిచేసి ఫీజు కట్టుకొందు మను మాటయు నమ్మఁదగినది కాదు. విద్యార్థివీసాపై నున్నవారు చదువు జరుగుకాలమున విశ్వవిద్యాలయపు ఆవరణములోనే వారమునకు 20 గంటలకు మించక పనిచేయవచ్చును. ఆ కూలి భోజనమునకు కొంత సాయపడునే కాని ఫీజునకు చాలదు. చదువు పిమ్మట ఉద్యోగమున కిచ్చు అనుమతులు ఆ దేశప్రభుత్వపు చేతిలోనివి; అవి మాఱుచుండును. మాఱఁగల నియమముపై మాఱని యప్పు చేయుట వివేకము కాదు.

దీనికి ఎదురుగా పెద్దలు రెండు మాటలు చెప్పుదురు. పెద్ద విశ్వవిద్యాలయపు పేరు జన్మమంతయు ఫలించు నన్నది మొదటిది. అందు కొంత నిజము లేకపోలేదు. కాని ఆ పేరు ఫలించునది చదివిన శాస్త్రమునుబట్టియు, ఆచార్యునిబట్టియు, విద్యార్థి చేసిన పనినిబట్టియు. పేరుగల చోట అప్పుతో క్రుంగి, మంచి యాచార్యుని సన్నిధి దొరకనివానికంటె, పేరు తక్కువైన చోట భృతితో నిశ్చింతగా పరిశోధించువాఁడే ముందునకు పోవునని మాకు తోఁచుచున్నది.

రెండవ మాట, వెనుకటివారు చేతిలో కాసు లేకయే పోయి గొప్పవారు కాలేదా యన్నది. ఈ మాటకు యల్లాప్రగడ సుబ్బారావుగారిని దృష్టాంతముగా చూపుదురు. 1895లో భీమవరమున జన్మించిన ఆ మహనీయుఁడు 1920 తరువాతి తొలి యేండ్లలో అమెరికాకు పోయి హార్వర్డులో చేరెను. 1925లో సైరస్ ఫిస్కెతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1930లో డాక్టరేటు పొందెను. ఆయన ధైర్యము పూజనీయము. అయినను దృష్టాంతమును పూర్తిగా చూడవలెను. ఆయనకు మామగారి సహాయముండెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి తోడ్పాటుండెను. చాలనిదానికి ఆసుపత్రిలో రాత్రిపని చేసెను. ఆయన యొడ్డినది ముఖ్యముగా తన శ్రమను. తలిదండ్రుల వార్ధక్యపు ఆధారమును ఒడ్డుటకు ఆయన చరిత్రము ప్రమాణము కాదు.

భృతితో కూడిన పిలుపులు రెండు మూడు వచ్చిన భాగ్యవంతులును లెక్క విడువరాదు. ఒకచోట నెలకు 3,000 డాలర్ల చొప్పున తొమ్మిది నెలలు, మఱియొకచోట 2,500 చొప్పున పండ్రెండు నెలలు ఇచ్చెద రనుకొనుఁడు. మొదటిది పెద్దదిగా తోఁచును. కాని సంవత్సరమునకు మొదటిది 27,000, రెండవది 30,000. కావున అడుగవలసిన ప్రశ్నలు ఇవి: భృతి యెన్ని సంవత్సరములకు వ్రాతపూర్వకముగా ఇచ్చుచున్నారు? వేసవిలో ఇత్తురా? మాఫీ కాని ఫీజు లెవ్వి? ఆరోగ్యభీమా ఎవరిది? ఆ యూరిలో ఇంటియద్దె యెంత? ఆచార్యుఁడు వేఱొక చోటికి పోయినచో ఏమగును? ఆయనయొద్ద చదివినవారు ఎన్నేండ్లలో ముగించిరి, ఇపు డెక్కడ నున్నారు? ఈ ప్రశ్నలను వినయముతో వ్రాసి యడుగుట అమర్యాద కాదు. అడిగినవానిని మంచి యాచార్యుఁడు తక్కువగా చూడఁడు. ఇప్పుడే చదువుచున్న విద్యార్థులకు ఉత్తరము వ్రాసినచో అచ్చుపత్రములలో లేని సంగతులు తెలియును.

త్వరపడవలసిన పనియును లేదు. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అను సంస్థ తీర్మానము ప్రకారము, దానికి సమ్మతించిన విశ్వవిద్యాలయములు పోషణధనముతో కూడిన పిలుపునకు ఏప్రిల్ 15వ తేదికి ముందే బదులు చెప్పుమని విద్యార్థిని నిర్బంధింపరాదు. ఈ రక్షణ పోషణధనముతో కూడినవానికే. సొంతవ్యయముతో చేరువారికి గడువులు వేఱుగా నుండును. ఆ వేఱు గడువులను చూపి, నేఁడే ధరావతు కట్టుఁడు, రేపు చోటుండదని తొందరపెట్టు మధ్యవర్తులు కొందఱు కలరు. వారి ప్రతిఫలము ఎవరినుండి వచ్చునో అడిగి తెలిసికొనిన పిమ్మటనే వారి సలహాను వినవలెను.

గడువున్నదని అన్ని పిలుపులను చేతఁబట్టుకొని కూర్చుండుటయు ధర్మము కాదు. నాలుగు పిలుపులు వచ్చిన విద్యార్థి, రెంటికి పోనని మార్చిలోనే నిశ్చయించుకొన్నచో, ఆ దినమే కృతజ్ఞతతో వ్రాసి వానిని విడువవలెను. ఏలయన, అతఁడు విడిచిన చోటు వేచియున్న మఱియొకని కీయఁబడును. ఆ మఱియొకఁడు మన జిల్లాలోని బీదయింటి బిడ్డయే కావచ్చును. రెండు పంక్తుల ఉత్తరము వ్రాయుటకు బద్ధకించుటచే ఒకరి సంవత్సరము పోవుట ఎంత యన్యాయము!

ఇంకొక యన్యాయమును చెప్పక తప్పదు. కుమారునికి పత్రము వచ్చినపుడు పొలము తాకట్టుపెట్టుటకు సిద్ధపడు తండ్రి, కుమార్తెకు భృతితో కూడిన పత్రమే వచ్చినను, పెండ్లిమాట ముందు తేల్చవలె ననుట మనలో నున్నది. ఒకే లెక్క యిరువురకు చెల్లవలెను. భృతితో పిలువఁబడిన కుమార్తెను ఆపి, అప్పుతో పోవు కుమారుని పంపుట లెక్కయు కాదు, న్యాయమును కాదు.

పోషణధనము దొరకనివారు నిరాశ చెందనక్కఱలేదు. షెడ్యూల్డు కులములు మున్నగువారి కొఱకు కేంద్రప్రభుత్వము నడపు జాతీయ విదేశీ విద్యార్థివేతనము వంటివి కలవు. వాని గడువులు ముందుగనే కనుఁగొనవలెను. చేరికను మఱుసటి యేఁటికి వాయిదావేయుమని విశ్వవిద్యాలయము నడుగవచ్చును. స్వదేశమునను మార్గములున్నవి. గేట్ పరీక్షలో అర్హతతో ఎం.టెక్. చేరినవారికి నెలకు 12,400 రూపాయలును, జూనియర్ రిసెర్చి ఫెలోలకు 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలును ఉపకారవేతన మేర్పడియున్నది. 1974లో నెలకొన్న హైదరాబాదు విశ్వవిద్యాలయమును, 2008లో నెలకొన్న హైదరాబాదు ఐ.ఐ.టి.యును మన దాపుననే యున్నవి. ఇంట నుండి చదివి, పిదప భృతితో విదేశమునకు పోవుట అవమానము కాదు.

ఉపాధ్యాయులమైన మాకును ఒక కర్తవ్యము కలదు. వడ్డీలెక్కలను మనము పాఠశాలలోనే బోధించుచున్నాము. కాని ఆ లెక్కలలోని రామయ్య 500 రూపాయలు అప్పుతీయుచునే యున్నాఁడు. ఒక నిజమైన విద్యాఋణపు పత్రమును నల్లబల్లపై వ్రాసి, పిల్లలచేతనే నెలవాయిదాను కట్టించి చూపినచో, ఆ పాఠమును వారు మఱువరు.

తలిదండ్రులారా! బిడ్డకు పత్రము వచ్చిన దినమున సంతోషింపుఁడు, మిఠాయి పంచుఁడు. మఱునాఁడు మాత్రము కాగితము, పెన్సిలు తీసికొని బిడ్డను ప్రక్కన కూర్చుండఁబెట్టుకొని లెక్క వేయుఁడు. విద్యార్థులారా! మీ తలిదండ్రులకు ఇంగ్లీషు రాదని పత్రములోని యే పంక్తిని దాఁచకుఁడు. లెక్క పోవలె ననినచో ధైర్యముగా పొండు. వలదనినచో, ఆ మాట చెప్పుటకు కావలసిన ధైర్యము తక్కువది కాదు.