ముందే రాసుకున్న గెలుపు

కిందటి సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మా నాన్నకు నా ఫోనులో ఒక జపాను కుస్తీ చూపించాను. మాది జగ్గయ్యపేట, నందిగామల మధ్య మెట్ట ఊరు. పత్తి, మిరప తప్ప వేరే వ్యాపకం లేని ఇల్లు. కుస్తీ అంటే నాన్నకు తెలిసింది దారాసింగు పేరొక్కటే.

ఆ పోటీ 1992 అక్టోబరు 23న టోక్యోలోని బుడోకాన్‌లో జరిగింది. ఒక వైపు తకాడా నొబుహికో. రెండో వైపు కిటావో కోజి. ఈయన అంతకు ముందు సుమో మల్లయుద్ధంలో అన్నిటికన్నా పెద్దదైన 'యోకొజునా' హోదా పొందినవాడు, సుమారు రెండు మీటర్ల పొడగరి. టీవీలో వచ్చే అమెరికా కుస్తీలోలాగా తాళ్ల మీదనుంచి దూకటాలు, కుర్చీలతో బాదుకోవటాలు ఇందులో లేవు. తన్ను తన్నే, పట్టు పట్టే. 1984లో యు.డబ్ల్యు.ఎఫ్. అనే సంస్థ పుట్టాక జపానులో పేరుకెక్కిన ఈ పద్ధతిని 'షూట్ స్టైల్' అంటారు. చిత్రమేమంటే, దెబ్బలు నిజంలాగే ఉంటాయి గాని గెలుపెవరిదో ముందే మాట్లాడుకుంటారు!

మూడో రౌండులో తకాడా కాలెత్తి కిటావో తల మీద తన్నాడు. అంత మనిషీ తాడిచెట్టు కూలినట్టు కూలాడు. పది అంకెలు లెక్కపెట్టేలోగా లేవలేకపోయాడు. జనం హోరెత్తారు. నేనూ ఈల వేశాను.

నాన్న మాత్రం "ఆ పెద్దాయన తల కాచుకోలేదేందిరా?" అన్నాడు.

నా దగ్గర జవాబుంది. పోటీని సమానంగా ముగిద్దామని ముందే ఒప్పందమైందనీ, తకాడా మాట తప్పాడనీ చెబుతారు. అదే నిజమైతే, నమ్మి ఆదమరిచినవాణ్ణి పడగొట్టటం వీరత్వమెలా అవుతుంది? అంతదాకా కళ్లు మెరిపించిన ఆ తన్ను నాకు చప్పబడిపోయింది.

ఈ కథకు రెండో అంకం కూడా ఉంది. 1997 అక్టోబరు 11న అదే తకాడా, టోక్యో డోములో బ్రెజిల్ దేశస్థుడు రిక్సన్ గ్రేసీతో అసలైన పోరుకు దిగాడు. అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. గ్రేసీ చెయ్యి మెలిపెట్టగానే ఓటమి ఒప్పుకున్నాడు.

ఇది చదివి నవ్వుకునే మిత్రులు ఒక్కసారి తమ ఫిజిక్సు రికార్డు తెరిచి చూసుకోండి. లఘులోలకం ప్రయోగంలో 'g' విలువ 980 రావాలని మనకు ముందే తెలుసు. నాకు మొదటిసారి 940 వచ్చింది. ఏం చేశాను? 980 నుంచి వెనక్కి లెక్కగట్టి, ఊగిసలాటల కాలాలు దిద్ది రాశాను. మంచి మార్కులొచ్చాయి. మనదీ షూట్ స్టైలే కదా! స్టాండూ నిజమే, స్టాప్‌వాచీ నిజమే, ఫలితమొక్కటే ముందే రాసుకున్నది.

పండుగ మర్నాడు నాన్నా నేనూ ఎడ్ల బండలాగుడు పందేనికి వెళ్లాం. బండ ఎన్ని అడుగులు కదిలిందో టేపు పట్టి కొలిచారు. తక్కువ లాగిన జత యజమాని ఆ అంకె విని, ఎడ్ల మెడ నిమిరి, తోలుకుపోయాడు. ఆ అంకెను దిద్దమని ఎవరూ అడగలేదు.

కనుక లెక్చరర్లకు ఒక మనవి. 940 తెచ్చినవాడికి మార్కులు కోయకండి, ఎందుకొచ్చిందో అడగండి. తాడు పొడవు సరిగ్గా కొలవలేదేమో, ఊగిసలాటలు లెక్క తప్పాడేమో! ఆ వెతుకులాటే సైన్సు. ఇక మిత్రులకు ఒక మాట. దిద్దిన రికార్డుతో డిగ్రీ రావచ్చు. కాని రేపు ఉద్యోగంలోనో, పొలంలోనో ఒప్పందాలు తెలియని గ్రేసీ ఒకడు ఎదురవుతాడు. అప్పటికి మనకు తల కాచుకోవటమన్నా వచ్చి ఉండాలి.