180కి 1 అంటే?

మా పక్కవాటా అమ్మాయికి నాలుగు నెలలు నిండాయని రాజమండ్రి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించారు. రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. ‘డౌన్ సిండ్రోమ్ 180కి 1, స్క్రీన్ పాజిటివ్’ అని ఎర్ర అక్షరాలు. అంతే, ఆ రాత్రి వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు. “ఇందుకే మేనరికం వద్దన్నాను” అని అత్తగారు. “తీయించేసుకుంటే పోయె” అని ఫోన్లో ఆడపడుచు. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి “పిన్నిగారూ, పాజిటివ్ అంటే మంచిదా, చెడ్డదా?” అంది. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను. ఏం లాభం, నాకూ తెలియలేదు!

మర్నాడు ఇద్దరం బస్సెక్కి వంతెన దాటి డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. బిడ్డ కాలేయంలో ఏఎఫ్‌పీ అనే ప్రొటీను తయారవుతుంది. మాయలో హెచ్‌సీజీ తయారవుతుంది. ఇవి తల్లి రక్తంలోకి వస్తాయి. అన్నే వారాల గర్భంతో ఉన్న తల్లులందరినీ వరసలో నిలబెడితే నడిమధ్య ఆమె విలువను 1 అనుకుని, మన విలువ దానికి ఎన్ని రెట్లో చూస్తారు. రిపోర్టులో ‘ఎంఓఎం’ అంటే అదే. డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాల్లో సాధారణంగా ఏఎఫ్‌పీ తగ్గి, హెచ్‌సీజీ పెరుగుతుంది. తల్లి వయసూ, బరువూ కలిపి లెక్కకట్టి ‘ఇన్నింటికి ఒకటి’ అంటారు. మూడో నెలలో చేసే డబుల్ మార్కర్‌లోనైతే పాప్-ఏ అనే ఇంకో ప్రొటీను చూస్తారు.

180కి 1 అంటే ఇలాంటి ఫలితమొచ్చిన 180 మంది తల్లుల్లో 179 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉండదన్నమాట. మన గోదావరి వాళ్లం, ఈ మాత్రం అర్థం చేసుకోలేమా? ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఊళ్లు మునిగాయని కాదుగా, గట్టుమీద కన్నేసి ఉంచమని! ఇదీ అలాంటి హెచ్చరికే. ఉందో లేదో తేల్చేది ఉమ్మనీటి పరీక్ష.

ఇక మేనరికం సంగతి. డౌన్ సిండ్రోమ్ 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువ కావడంవల్ల వస్తుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది తప్ప మేనరికంతో పనిలేదు. మేనరికంలో భయపడాల్సింది తలసీమియాలాంటి వాటికి. వాటిని ఈ పరీక్ష చూడనే చూడదు.

ఏఎఫ్‌పీ బాగా పెరిగితే మాత్రం బిడ్డ వెన్ను సరిగా మూసుకోలేదేమోనని అనుమానిస్తారు. కవలలున్నా పెరుగుతుంది లెండి. ఆ వెన్ను లోపాన్ని చాలావరకు ఆపేది ఫోలిక్ యాసిడ్ మాత్ర. దాన్ని 1940లలో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే సంస్థలో పరిశోధనలు నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆ వెన్ను గర్భం వచ్చిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది కనుక, నెల తప్పాక కాదు, పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే ఆ మాత్ర వేసుకోవాలి. ఆయన పుట్టిన జిల్లాలో మనమింకా మూడో నెలలో మొదలెడుతున్నాం!

డాక్టరమ్మగారు మళ్లీ స్కానింగు తీస్తే అసలు సంగతి బయటపడింది. ల్యాబువాళ్లు పదిహేడు వారాలు దాటాయని రాసుకున్నారు. బిడ్డ కొలతలు చూస్తే పదిహేనున్నరే. ఈ నెలల్లో ఏఎఫ్‌పీ వారంవారం పెరుగుతుంది, హెచ్‌సీజీ తగ్గుతుంది. వారాలు ఎక్కువ రాస్తే, మామూలుగా ఉన్న ఏఎఫ్‌పీ తక్కువగానూ, హెచ్‌సీజీ ఎక్కువగానూ కనిపిస్తుంది. మళ్లీ రక్తం తీయక్కర్లేకుండానే, సరైన వారాలతో లెక్క కట్టిస్తే 2,100కి 1 వచ్చింది. “ఇదీ సున్నా కాదమ్మా” అంది డాక్టరమ్మగారు. నిజమే. ఆ లెక్క మారకపోయి ఉంటే? అప్పుడైనా ఉమ్మనీటి పరీక్ష చేయించుకోవాలా, ఆ తర్వాత ఏం చేయాలి అన్నది ఆ పిల్ల నిర్ణయం. 1971 నాటి గర్భస్రావ చట్టం, 2021 సవరణ తర్వాత కూడా, పద్దెనిమిదేళ్లు నిండిన ఆడదాని సమ్మతే అడుగుతుంది. అత్తగారిదీ, ఆడపడుచుదీ కాదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, తేదీ అలా ఎలా చెప్పావమ్మా అని. తల వంచుకుంది. నెలసరి ఎప్పుడొచ్చిందని కౌంటరులో కుర్రాడు గట్టిగా అడిగాడట. పక్కనే మామగారు. అసలే నెలసరి సక్రమంగా రాని పిల్ల. నోటికొచ్చిన తేదీ చెప్పేసిందట.

వచ్చే వారం పెద్ద స్కానింగు. మామగారిని రావద్దని తనే చెప్పింది.